మూడో బిడ్డ పేరు

ఆ ఏడు మా పంచాయతీ సర్పంచి సీటు వెనకబడిన కులాల ఆడవాళ్లకు రిజర్వు అయిందని తెలిసిన రోజు మా పేటలో ఎవరూ సంతోషపడలేదు. మా చేతికి ఏదైనా వస్తోందంటే దాని వెనక ఎవరున్నారో ముందు చూసుకోవడం మాకు అలవాటు. రెండు వేల ఒకటి, జూలై నెల. శెనక్కాయ విత్తనం పడి మూడు వారాలైంది. పెనుకొండ నుంచి వచ్చే మధ్యాహ్నం బస్సులో ఆ వార్త దిగింది. సాయంత్రానికల్లా మా ఊళ్లో రెండు మిద్దెల ముందూ జీపులు ఆగాయి.

ఆ రెండు మిద్దెల సంగతి చెప్పాలి. మా ఊళ్లో ఏ ఎలక్షనైనా పోటీ చంద్రప్పకూ నల్లప్పకూ మధ్యే. ఎమ్మెల్యే ఎలక్షను వచ్చినా అంతే, పాల సొసైటీ ఎలక్షను వచ్చినా అంతే. మిగతా ఊరంతా ఈ మిద్దె నీడనో ఆ మిద్దె నీడనో బతకాల్సిందే. సీటు ఆడవాళ్లకు పోయిందని వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటారా? కాగితాల్లో మా క్రైస్తవులం వెనకబడిన కులాల కిందికే వస్తాం, పైగా ముప్పై ఇళ్ల మా పేట ఎటు మొగ్గితే పంచాయతీ అటు. అందుకని చంద్రప్ప ముందుగా వచ్చి భారతిని నిలబెట్టాడు. ఆమె మొగుడు సామేలు చంద్రప్ప భూమి నాలుగెకరాలు పంటలో సగం ఇచ్చే ఒప్పందం మీద సేద్యం చేస్తున్నాడు, కాదనే దారి లేదు. తెల్లారేసరికి నల్లప్ప మా ఇంటి ముందున్నాడు. నా మొగుడు జోసెఫ్ ఆయన ట్రాక్టరు తోలేవాడు. ఇంక చెప్పేదేముంది.

"ఏమమ్మా, ఏడో తరగతి దాకా చదివినావంట. సంతకం చేసేకి వస్తాది కదా?" అన్నాడు నల్లప్ప, గడప బయటే నిలబడి.

"నాకొద్దు సామీ. భారతక్క నిలబడతాంది కదా. ఆమె అయితే నేనైనట్లే" అన్నాను.

ఆయన నవ్వి జోసెఫ్ వైపు తిరిగాడు. "ఏమబ్బా, నీ పెండ్లాం బాగా మాట్లాడతాదే! మైకు ముందర పనికొస్తాది."

జోసెఫ్ తలెత్తలేదు. జీపు చప్పుడు దూరమయ్యాక, "నన్ను ట్రాక్టరు దిగమంటే మనం యాడికి పోదాం ఝాన్సీ?" అన్నాడు. అలా నేను అభ్యర్థిని అయ్యాను.

భారతి నాకంటే మూడేళ్లు పెద్ద. నేను ధర్మవరం నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు సంగటి కెలకడం కూడా రాదు. ఉండలు కట్టిన సంగటి చూసి మా అత్త నెత్తి కొట్టుకుంటుంటే, పక్కింటి నుంచి వచ్చి తెడ్డు అందుకున్నది భారతి. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క. మా ఇద్దరినీ గట్టిగా కలిపింది మాత్రం శుక్రవారం ఉపవాస ప్రార్థన. పేటలో ఆడవాళ్లం పొద్దున్నుంచి పచ్చి గంగ ముట్టకుండా, మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో చాప పరచుకుని కూర్చునేవాళ్లం. దానికి పేటలో అందరికంటే పెద్దామె మునెమ్మవ్వ పెట్టిన పద్ధతి ఒకటుంది. నీ కష్టం నీ నోటితో దేవుడికి చెప్పుకోకూడదు. నీ పక్కన కూర్చున్న మనిషికి చెప్పాలి, ఆ మనిషి నీ తరఫున ప్రార్థన చేయాలి. "ఎవురి ఏడుపు వాళ్లు ఏడిస్తే అది ఇంట్లో గూడా అవుతాది. ఈడికొచ్చేది ఒకరిది ఒకరు మోసేకి" అనేది అవ్వ. భారతి పక్కన ఎప్పుడూ నేనే కూర్చునేదాన్ని. ఆమె కష్టానికి నేనే నోరు.

అందుకే ఆమె గుట్టు నాకు తెలుసు. అంతకు నాలుగేళ్ల ముందు ఆమె మూడో కాన్పుకు గోరంట్లలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోయి ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. బిడ్డ దక్కలేదంది. పేటంతా ఆమెను పట్టుకుని ఏడ్చాం. ఆ తర్వాత శెనక్కాయ పీకే రోజుల్లో ఒక శుక్రవారం అందరూ చేలకు పోయి, ప్రార్థనకు మేమిద్దరమే మిగిలాం. అప్పుడు చెప్పింది. బిడ్డ బతికే ఉంది. చెల్లెలు పుష్పావతికి పెళ్లయి ఆరేళ్లయినా కడుపు పండలేదు.

"నా కాళ్లు పట్టుకునింది మే. ఈ బిడ్డను ఇయ్యకుంటే ఆయప్ప ఇంకో పెండ్లి చేసుకుంటాడని ఏడ్చింది. కన్నదాన్ని తానేనని ఊర్లో అనుకోవాల, నేను ఎవురికీ చెప్పకూడదని ఒట్టేయించుకునింది. ఇచ్చేసినా. మొగపిల్లోళ్లు ఇద్దరైనాక ఆడబిడ్డ కావాలని నేనెంత అడుక్కున్యానో నీకు తెలుసు కదా" అంది. కాసేపు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "ఊరికి చచ్చిపోయిందని చెప్పినా. దేవునికి మాత్రం చెప్పలేను. నువ్వు చెప్పు ఆయనకు. దాని పేరు మంజు."

ఆ రోజు నుంచి ప్రతి పొద్దూ నా ఇంట్లో నేను భారతి ముగ్గురు పిల్లల కోసం ప్రార్థన చేశాను. పదిమందిలో ఉన్నప్పుడు ఇద్దరనేదాన్ని, ఇంట్లో ముగ్గురనేదాన్ని. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తడబడలేదు.

మా ఇద్దరినీ పోటీకి పెట్టాక మొదటిసారి బోరింగు దగ్గర కలిశాం. బిందె కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమే సర్పంచీ, నీళ్లు కొట్టేకి మనుషుల్ని పెట్టుకోల్యా?"

"నువ్వు గెలిస్తే నన్ను పెట్టుకోక్కా. రెండు పూటలా సంగటి పెడితే చాలు."

"నీ సంగటి నువ్వు చేసుకుంటానంటే పెట్టుకుంటా" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వు ఆగాక నేను నెమ్మదిగా అడిగాను. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారనే రూలు అప్పటికే కొన్నేళ్లుగా ఉంది. "అక్కా, కాగితంలో పిల్లలెంతమందని రాస్తావు?"

"ఇద్దరని" అంది. బోరింగు కొట్టడం మొదలుపెట్టింది. "ఊరికి ఇద్దరే కదా మే."

ఎవరు గెలిచినా శుక్రవారం మాత్రం ఒకే చాప అని అక్కడే మాట అనుకున్నాం.

మేం మాట అనుకున్నాం గానీ పేట మా మాట వినలేదు. వారం తిరిగేసరికి సగం గోడలకు ఒక రంగు, సగం గోడలకు ఇంకో రంగు. బాప్తిస్మాల నాడు ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు ఎదురుపడితే పక్క సందులోకి తిరగడం మొదలుపెట్టారు. ఆదివారం చర్చిలో చంద్రప్ప వైపు వాళ్లు కిటికీ పక్కన, నల్లప్ప వైపు వాళ్లు తలుపు పక్కన. నడుమ చాప ఖాళీగా ఉండేది. పాట ఒకరు ఎత్తుకుంటే రెండో వైపు వాళ్లు గొంతు కలిపేవాళ్లు కాదు. పెనుకొండ నుంచి మోపెడ్ మీద వచ్చే పాస్టరుగారు ఆ ఖాళీ చాపను చూసి, ఏ వైపుకు తిరిగి మాట్లాడాలో తెలియక వాక్యం తొందరగా ముగించేశారు. ఇదంతా మా భూముల కోసమా, మా బిడ్డల కోసమా? రెండు మిద్దెల్లో ఎవరి మిద్దె ఎత్తో తేల్చుకోవడానికి మా పేటను కొలబద్ద చేసుకున్నారు. అది మాకందరికీ తెలుసు. తెలిసి కూడా తన్నుకున్నాం. నాకు ఇప్పటికీ దాని మీదే కోపం.

ఉపవాస ప్రార్థన ఆపేద్దామని ఎవరో అన్నారు. మునెమ్మవ్వ ఒప్పుకోలేదు. "ఎలక్షను పోతాది. శుక్రవారం మళ్లా వస్తాది. ఆ పొద్దు యాడ కూకుంటారు మీరంతా?" అని ప్రతి గడపా ఎక్కి దిగింది.

నామినేషన్లు వేసిన మర్నాడు శుక్రవారం. ప్రార్థన మా ఇంట్లో. అవ్వ మాటకు రెండు వైపుల వాళ్లూ వచ్చారు. భారతి వచ్చి ఎప్పటిలాగే నా పక్కన కూర్చుంది. బయట అరుగు మీద ఓబులేసు బీడీ కాలుస్తూ ఉన్నాడు. నల్లప్ప మనిషి. ప్రార్థన అయిపోగానే నన్ను పక్క పల్లెకు ప్రచారానికి తీసుకుపోవాలని వచ్చి కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది. ఆ ఉక్కలో తలుపు మూయాలని ఎవరికీ తోచలేదు.

భారతి వంతు వచ్చింది. "నా ఇద్దరు బిడ్డలు చల్లగా ఉండాల. ఈ ఎలక్షను మా ఇంటికి కీడు చేయకుండా పోవాల. అంతే" అంది.

అందరూ నా వైపు చూశారు. పోటీలో ఉన్న మనిషి ఎదుటి మనిషి కోసం ఎలా ప్రార్థన చేస్తుందోనని. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను అందరికంటే బాగా ప్రార్థన చేయాలనుకున్నాను. ఝాన్సీ మనసు ఎంత మంచిదో చూడు అని పేటంతా చెప్పుకోవాలనుకున్నాను. కొంగు నెత్తిన కప్పుకుని, భారతి చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని గొంతెత్తాను. మాట తర్వాత మాట వచ్చింది. కన్నీళ్లు వచ్చాయి. ఆడవాళ్లు "అవును తండ్రీ, అవును తండ్రీ" అంటున్నారు. ఆ ఊపులో నాలుగేళ్లుగా రోజూ అనే మాటలు నా నోట్లోంచి వాటంతట అవే వచ్చేశాయి.

"ఆమె కన్న ముగ్గురు బిడ్డలను కాపాడు తండ్రీ. ఈడుండే ఇద్దరినీ, గోరంట్లలో ఉండే ఆ పసిదాన్నీ నీ కృపలో దాచుకో తండ్రీ."

"అవును తండ్రీ" అనే గొంతులు ఆగిపోయాయి. నా చేతిలో ఉన్న భారతి చెయ్యి కదల్లేదు, వెనక్కి తీసుకోలేదు. నేను ఎలాగో ఆమేన్ అన్నాను. కళ్లు తెరిచేసరికి ఆమె ఇంకా కళ్లు మూసుకునే ఉంది. తర్వాత నెమ్మదిగా లేచి, కొంగు సర్దుకుని, ఎవరినీ చూడకుండా బయటికి పోయింది. అరుగు మీద బీడీ ముక్క పొగలు కక్కుతోంది. ఓబులేసు లేడు.

అది పొరపాటే. కానీ పొరపాటు మాత్రమేనా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. పోటీ లేని రోజుల్లో నాలుగేళ్లు తడబడని నాలుక ఆ రోజే ఎందుకు తడబడింది?

మధ్యాహ్నం మూడింటికి జీపు వచ్చింది. ముందు సీట్లో నల్లప్ప. నేను వెనక కూర్చున్నాను. ఊరు దాటాక తల తిప్పకుండానే అడిగాడు.

"గోరంట్లలో ఎవురుండారమ్మా భారతికి?"

"చెల్లెలుంది సామీ" అన్నాను.

అంతే నేను అన్నది. తెలీదు అనొచ్చు. కడుపునొప్పి అని జీపు దిగిపోవచ్చు. ప్రచారం నుంచి తిరిగొచ్చాకైనా భారతి ఇంటికి పోయి, వాళ్లు గోరంట్లకు పోతున్నారక్కా అని చెప్పొచ్చు. వాళ్ల వాకిలి దాకా పోయాను. లోపల సామేలు గొంతు గట్టిగా వినపడుతోంది. వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను.

సోమవారం పెనుకొండ మండలాఫీసులో నామినేషన్ల పరిశీలన. నల్లప్ప ముందే అర్జీ పెట్టాడు. చంద్రప్పకూ కబురు అందింది, ఆయనా తయారయ్యే వచ్చాడు. గోరంట్ల నుంచి పుష్పావతినీ ఆమె మొగుడినీ జీపులో తీసుకొచ్చాడు. మంజును నేను మొదటిసారి చూసింది అక్కడే. పసుపుపచ్చ గౌను, చేతిలో సగం కొరికిన బన్ను. నాలుగేళ్లుగా నేను దేవుడికి చెబుతూ వచ్చిన పిల్ల ఆ పిల్లే. నుదురు అచ్చం భారతిదే.

ఆఫీసరు అలసిపోయిన మనిషి. పొద్దున్నుంచి పది ఊళ్ల కాగితాలు చూసి ఉంటాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఈ పాప ఎవరమ్మా?" అని పుష్పావతిని అడిగాడు.

"నా కూతురు సార్" అంది పుష్పావతి. పిల్లను దగ్గరికి లాక్కుంది.

పుట్టిన కాగితమంటూ ఏదీ లేదు. పిల్ల ఇంట్లో పుట్టింది. నల్లప్ప చేతిలో ఉన్నది గాలి కబురే. ఇంక మిగిలింది భారతి నోటి మాట ఒక్కటే. చెల్లెలి కూతురు అంటే అయిపోతుంది. అర్జీ కొట్టేస్తారు, పోటీ జరుగుతుంది, పేట మళ్లీ ఎప్పటికో సర్దుకుంటుంది.

"నువ్వు చెప్పమ్మా. ఈ పాప నీకేమవుతుంది?"

నేను ఆమెకు బారెడు దూరంలో నిలబడి ఉన్నాను. ఆమెను చూడలేక గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను. దేవుడా, ఆమె చేత అబద్ధం చెప్పించు, అని ప్రార్థన చేశాను. నా జన్మలో అంత నిజంగా చేసిన ప్రార్థన ఇంకొకటి లేదు.

చంద్రప్ప దగ్గాడు. మంజు బన్ను కొరుకుతూ భారతి వైపు చూసి, "పెద్దమ్మా" అంది.

"నా బిడ్డే సార్" అంది భారతి. "నేను కన్న బిడ్డే."

ఆఫీసరు కలం పక్కన పెట్టాడు. ఆయనకు కూడా ఆ మాట రాసుకోవాలని లేనట్టుంది. "ఇంకొకసారి ఆలోచించుకుని చెప్పమ్మా. ఎవరింట్లో పెరిగినా కన్నతల్లి లెక్కలోకే వస్తుంది."

"ఆలోచించే చెప్పినా సార్."

ఆయన ఏదో రాసి సంతకం పెట్టాడు. బయట నల్లప్ప మనుషులు ఈలలు వేశారు. మిగిలిన నామినేషను నాదొక్కటే. ఓట్లు పడకుండానే నేను సర్పంచినయ్యాను.

ఆఫీసు మెట్ల మీద పుష్పావతి కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "నాలుగేండ్లు గుండెల మీద పెట్టుకోని పెంచినా గదక్కా. ఇబ్బుడు నా ఊర్లో నేను ఏ మొగం పెట్టుకోని తిరగాల? మా అత్తకేం చెప్పేది?" అంది. తర్వాత లేచి, మంజు చెయ్యి తీసి భారతి చేతిలో పెట్టింది. "నీ బిడ్డ గదా, నువ్వే పెట్టుకో." మొగుడి వెనకే గోరంట్ల బస్సు వైపు నడిచింది. వెనక్కి చూడలేదు. మంజు ఒక్కసారిగా "అమ్మా" అని కేక పెట్టి పరుగెత్తబోయింది. భారతి దాని నడుం పట్టుకుని ఆపింది. పిల్ల గింజుకుంటోంది, కొరుకుతోంది, బస్సు వైపు చేతులు చాచి అమ్మా అమ్మా అని అరుస్తోంది. భారతి ఆ దుమ్ములోనే కూర్చుండిపోయి వదలకుండా పట్టుకుంది. అప్పుడే ఎవరో నా మెడలో బంతిపూల దండ వేశారు.

ఆ తర్వాత అంతా గబగబా జరిగిపోయింది. మర్నాడే చంద్రప్ప సామేలును చేనులోంచి పొమ్మన్నాడు. శెనక్కాయ పూత పట్టి, ఊడలు భూమిలోకి దిగుతున్న చేను. ఇంకో రెండున్నర నెలలుంటే పంట. సామేలు గట్టు మీద కూర్చుని, వేరే మనుషులు తన చేలో కలుపు తీస్తుంటే చూసి వచ్చాడట. పేటలో అందరికీ నోళ్లు లేచాయి. బతికున్న బిడ్డను చచ్చిందని చెప్పి మా చేత ఏడిపించిందని కొందరు, నేను తడి గుడ్డతో గొంతు కోశానని కొందరు. రెండూ నిజమే కదా, ఎవరిని ఏమనగలం?

ఆ శుక్రవారం మా ఇంట్లో చాప పరిచాను. ఎవరూ రాలేదు. మునెమ్మవ్వ ఒక్కతే కర్ర పొడుచుకుంటూ వచ్చింది. కళ్లు మూసుకున్నాను గానీ నాకు నోరు పెగల్లేదు. ఏ మాట ఎత్తుకుందామన్నా మండలాఫీసు గుర్తొచ్చేది.

"అవ్వా, నాకు ప్రార్థన రాల్యా" అన్నాను.

"రాకుంటే గమ్మున కూకో. కూకునేది గూడా ప్రార్థనే" అంది. అలా రెండు వారాలు అవ్వా నేనూ మాట లేకుండా కూర్చున్నాం. మూడో వారం కిటికీ పక్కన కూర్చునే వాళ్లలోంచి ఒకామె వచ్చి చాప చివర కూర్చుంది. నాతో మాట్లాడలేదు. వచ్చింది, అంతే. ఆ పొద్దు నాకు ఏడుపు ఆగలేదు.

సెప్టెంబరు నెలాఖరులో ఒక పొద్దున్నే భారతి మా గడప ముందు నిలబడింది. చంకలో మంజు. పిల్ల చిక్కిపోయింది గానీ భారతి మెడ చుట్టూ చెయ్యి వేసి ఉంది. అది చూసి నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

"లోపలికి రాక్కా" అన్నాను.

"లేదు. బస్సుకు టైమైతాది" అంది. "ఆయప్పకు హిందూపురంలో మిల్లులో పని దొరికింది. ఈపొద్దే పోతాండాం. మంజును ఆడ బడిలో వేయాలంటే కాగితం కావాలంట. ఇది మా బిడ్డేనని సర్పంచి రాసియ్యాలంట."

సర్పంచి అంది. నువ్వు అనలేదు.

తెల్ల కాగితం తీసి రాశాను. సామేలు, భారతి దంపతుల కుమార్తె మంజు అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ముద్ర వేయాలి. ముద్ర నా దగ్గర లేదు. నేను సర్పంచినైన రోజు నుంచి అది నల్లప్ప మిద్దెలోనే ఉండేది. కాగితాలు అక్కడ తయారయ్యేవి, నన్ను అరుగు దగ్గరికి పిలిపించి సంతకం పెట్టించుకునేవాళ్లు. నేను ఏ కాగితమూ చదివింది లేదు.

భారతిని బస్సు ఆగే చోటికి పొమ్మని నేను మిద్దెకు పోయాను. నల్లప్ప అరుగు మీద పేపరు చదువుతున్నాడు. విషయం చెప్పాను.

"ఆయమ్మకా? చంద్రప్ప మనిషికి మనమెందుకు రాసియ్యాల? తిరగనీలే నాలుగు దినాలు."

"ఆమె ఇబ్బుడు ఎవురి మనిషీ కాదు సామీ. ముద్ర యాడుండాది?"

"రేపు రామ్మా."

"బస్సు ఈపొద్దే పోతాది" అన్నాను. ఆ మిద్దె గడప మా వాళ్లెవరూ దాటింది లేదు. చెప్పులు విడిచి లోపలికి పోయాను. కిటికీ కింద బల్ల మీద ముద్ర, సిరా పెట్టె కనపడ్డాయి. రెండూ కొంగులో కట్టుకుని బయటికి వచ్చాను. ఓబులేసు అడ్డం రాబోయాడు. నల్లప్ప చెయ్యెత్తి ఆపి, నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. వారం తిరక్కుండా జోసెఫ్ ట్రాక్టరు దిగాల్సి వచ్చింది. ఆ తర్వాత ఐదేళ్లూ సర్పంచి మొగుడు కూలికి పోయాడు. దానికి జోసెఫ్ నన్ను ఒక్క మాట అనలేదు. ముద్ర మాత్రం మళ్లీ ఆ మిద్దె ఎక్కలేదు.

నేను తిరిగొచ్చేసరికి భారతి బస్సు ఆగే చోట ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. సామేలూ మగపిల్లలూ మూటలతో అటు పక్కన. పెట్టె మీదే కాగితం పెట్టి ముద్ర వేశాను. ఆమె కాగితం తీసుకుని, సిరా ఆరేదాకా ఊదుతూ చదివింది. తల్లి పేరు అని రాసిన చోట వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"ఆ పొద్దు చెల్లెలి కూతురు అనింటే సరిపోయేది కదక్కా" అన్నాను. అన్నాక నా నోటిని నేనే తిట్టుకున్నాను.

"ఒకసారి చచ్చిపోయిందని చెప్పినా ఝాన్సీ. రెండోసారి లేదని చెప్పేకి నోరు రాల్యా." మంజు జుట్టు వేళ్లతో దువ్వింది. "నా చెల్లెలి ఉసురు పోసుకున్యా. రేత్రిపూట ఇది దాన్నే తలచుకోని ఏడుస్తాది. అయినా ఇది నాది అని ఒకసారన్నా చెప్పుకున్యా కదా."

"నన్ను క్షమించక్కా."

"ఎబ్బుడో క్షమించినా మే. నీకు చెప్పల్యా, అంతే."

బస్సు వచ్చింది. మూటలు ఎక్కాయి, పిల్లలు ఎక్కారు. ఆమె మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. మీ కోసం రోజూ ప్రార్థన చేస్తాను అన్నాను నేను. ఇంకేమనాలో తెలియక అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది, ఎప్పుడూ చాప మీద పట్టుకున్నట్టే.

"చెయ్యి. ముగ్గురి కోసమూ చెయ్యి" అంది. "కానీ లోపల్నే చెయ్యి ఝాన్సీ. నోరు తెరిచి చెయ్యొద్దు."

ఆ మాటకు ఎనిమిదేళ్లు. ఆ తర్వాత ఇంకో ఎలక్షను వచ్చింది, పోయింది. మునెమ్మవ్వ కూడా పోయింది. మా పేటలో శుక్రవారం చాప మాత్రం ఇప్పటికీ పరుస్తారు. కిటికీ వైపు వాళ్లూ తలుపు వైపు వాళ్లూ కలిసే కూర్చుంటారు, ఎప్పుడు కలిశారో ఎవరూ చెప్పలేరు. నేనూ కూర్చుంటాను. పక్కనున్న వాళ్ల కోసం గొంతెత్తే ప్రార్థన చేస్తాను, నాకు ఆ శక్తి తిరిగొచ్చింది. హిందూపురం వైపు నేను ఎన్నిసార్లు పోయినా భారతి ఇల్లు వెతకలేదు. రమ్మని ఆమె ఎప్పుడూ కబురు పెట్టలేదు. అందరి మనవులూ అయిపోయాక కాసేపు మౌనంగా ఉంటాం కదా, అప్పుడు ఆ ముగ్గురు పిల్లల పేర్లూ తలుచుకుంటాను, మంజు పేరు చివర. పెదవి కూడా కదపను. అయినా ఆయనకు వినపడుతుందనే నమ్ముతున్నాను.